అరవై నాలుగు ఖాళీ గడులు

స్టెల్లింగ్‌ఫర్డ్, కెంట్
1969 అక్టోబరు 14, మంగళవారం

క్రిస్పిన్‌కి,

నేను నీకు ప్రతి నెలా మొదటి ఆదివారం రాస్తాను. ఈరోజు ఆదివారం కాదు, నెల మొదలూ కాదు. అయినా కలం పట్టానంటే కారణం ఉంది. నిన్న సాయంత్రం పోస్టాఫీసు మిసెస్ ట్యాప్సెల్ తలుపు కూడా తట్టకుండా వంటింట్లోకి వచ్చి, "అమ్మగారూ, మీ క్రిస్పిన్ రేడియోలో వస్తున్నాడు! తొందరగా రండి, అయిపోతాడు!" అని అరిచింది. పొయ్యి తగ్గించి, ఏప్రన్ విప్పి, వాళ్ళింటికి వెళ్ళాను.

వేసవిలో నువ్వు రాసిన ఉత్తరంలో 'నలుగురం కలిసి ఒక చిన్న చాంబర్ బృందం పెట్టుకున్నాం' అని ఉంది. నాకు తెలిసిన ఏ చాంబర్ బృందంలోనూ డ్రమ్ములు అలా మోగవు. మిసెస్ ట్యాప్సెల్ పిల్లి బీరువా ఎక్కింది, నేను వచ్చేసేదాకా దిగలేదు. పైగా బృందం పేరు పేపర్ కెథీడ్రల్ అట. కాగితంతో కట్టిన గుడి మన వానలకి ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరైనా ఆలోచించారా?

విన్నది విన్నట్టు లెక్క వేసుకున్నాను. తప్పులు మూడు. మధ్యలో మీరంతా కలిసి పరుగెత్తారు, ఎవరూ తరమకపోయినా. ఒకే రాగాన్ని గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే ఫ్యూగ్‌లో, రెండో గొంతు ప్రవేశించినప్పుడు మొదటి గొంతు తగ్గి దారి ఇవ్వాలని నీకు ఏడేళ్ళప్పుడే నేర్పాను, నువ్వు ఇవ్వలేదు. ఆ రేడియో మనిషి మన ఇంటిపేరు తప్పుగా పలికాడు, నువ్వు దిద్దించలేదు.

మంచివి ఐదు. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాను. అన్నిటికంటే ముందు ఆ ఐదు దెబ్బల రాగం. కుంటివాడు నడుస్తున్నాడనుకుని జాలిపడుతూ ఉంటే, కాసేపటికి అది నాట్యమని తెలుస్తుంది. పాత జర్మన్ మాస్టర్లు పెట్టిన నియమాలన్నీ పాటిస్తూనే ఎవరూ వెళ్ళని వీధిలోకి వెళ్ళావు. చివర్లో ఒక సాక్సఫోన్ గొంతు సవరించుకుంది, అంతలోనే వార్తలు మొదలయ్యాయి.

ఒక్కసారి విని తీర్పు చెప్పడం నాకు అలవాటు లేదు. స్వరలిపి మొత్తం శుభ్రంగా రాసి పంపు.

నీ నాన్నమ్మ,
హెస్టర్ వెన్‌లాక్


లాడ్‌బ్రోక్ గ్రోవ్, లండన్
అక్టోబరు 21

ప్రియమైన నాన్నమ్మకి,

మంచివి ఐదు! ట్రెవ్ ఆ వాక్యం కత్తిరించి మేం సాధన చేసే షెడ్డు గోడకి అంటించాడు. తప్పుల వాక్యం మాత్రం నా జేబులో ఉంది.

'చాంబర్' అంటే గదే కదా, అబద్ధమేమీ కాదు. మేం వాయించేది ఒక గదిలోనే. కాకపోతే అది స్కౌట్ పిల్లల షెడ్డు, కుర్చీలు చిన్నవి. మావాళ్ళ గురించి నీకు సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. ఆర్గన్ నేను, అది నీకు తెలిసిందే. డ్రమ్ములు ట్రెవ్. వాళ్ళ నాన్నది మాంసం కొట్టు. వీడు డ్రమ్ముల మీద కూడా ఆ పనే చేస్తాడంటాడు ఆసీ. బేస్ గిటార్ రెక్స్. వారానికి ఒక వాక్యం మాట్లాడతాడు, అది కూడా అన్నం గురించే. సాక్సఫోన్ ఆసీ. అసలు పేరు ఆస్వాల్డ్ ఇయర్‌వుడ్, బార్బడోస్ మనిషి, ముప్ఫై ఆరేళ్ళు. పగలు బస్సు కండక్టరు. సాయంత్రాలు సోహోలో జాజ్ క్లబ్బుల్లో వాయిస్తాడు. ఆయన పక్కన మేం ముగ్గురం పిల్లలమే. నీ ఆకుపచ్చ అట్ట పుస్తకం, మంద్రస్వరం కింద అంకెలు చూసి వాయించడం నేర్పేది, అది చూసి వదల్లేదు. అరువిచ్చాను. బస్సు డిపోలో చదువుకుంటున్నాడు.

స్వరలిపి ఈ ఉత్తరంతోనే ఉంది. దాంతోపాటు ఒక సాయం కావాలి. డిసెంబరు 9న మా మొదటి రికార్డు చేస్తున్నాం. ఈ పాట ఒక్కటే ఒక పక్కంతా వస్తుంది. అలా ఇంతవరకు కొద్దిమందే చేశారు. కాని రికార్డుకి ఒక పక్క ఇరవై రెండు నిమిషాలు మించితే మోత పలచబడుతుందట, మాది ఇరవై ఏడు వస్తోంది. ఐదు నిమిషాలు తీసేయమని కంపెనీవాళ్ళు పట్టుబట్టారు. ఎక్కడ తీయాలో నలుగురం నాలుగు మాటలంటున్నాం. రోజూ గొడవే.

"మీ నాన్నమ్మకి పంపు, ఆవిడ తప్పులు లెక్కపెట్టే మనిషిలా ఉంది" అన్నాడు ఆసీ. నువ్వు ఎక్కడ గీత పెడితే అక్కడ కోస్తాం. ఒట్టు.

ప్రేమతో,
క్రిస్పిన్


స్టెల్లింగ్‌ఫర్డ్
అక్టోబరు 28

క్రిస్పిన్‌కి,

స్వరలిపి మూడు రోజులు చదివాను. ఒకరోజు కళ్ళతో, ఒకరోజు పియానో మీద, ఒకరోజు గుడిలో ఆర్గన్ మీద. మన గుడి పాదిరి వికారుగారు వచ్చి కాసేపు నిలబడి, "ఇది అంత్యక్రియలకా, పెళ్ళికా?" అని అడిగారు. "రెండిటికీ పనికొస్తుంది" అన్నాను.

ఫ్యూగ్ బాగుంది. ఇంకా పొగడను, చెడిపోతావు.

నీ ప్రశ్నకి జవాబు తేలిక. తొమ్మిదో పేజీ నుంచి పద్నాలుగో పేజీ దాకా తాళం గీతల మధ్య అరవై నాలుగు గడులు ఖాళీగా ఉన్నాయి. పైన ఏ, డీ, జీ అని అక్షరాలు, లోపల వాన జల్లులాగా ఏటవాలు గీతలు, అంతే. ఒక్క స్వరం లేదు. రాయడానికి ఓపిక లేక వదిలేశావో, తర్వాత రాద్దామనుకున్నావో నాకు తెలీదు. పూర్తికాని పని బల్ల మీద పెట్టడం మన ఇంట్లో లేదు. నీ వేగం ప్రకారం అవి నాలుగు నిమిషాల పైచిలుకు. అవి తీసెయ్యి, వాటి ముందు మెట్లలా ఎక్కే స్వరాలు కూడా తీసెయ్యి, నీ ఐదు నిమిషాలు నీకు దొరుకుతాయి. ఉన్నదాన్ని కోస్తే బాధ గాని లేనిదాన్ని కోస్తే ఎవరికి నష్టం?

ఆకుపచ్చ పుస్తకం మా గురువుగారిది. నన్ను అడక్కుండా అరువిచ్చావు. బస్సుల్లో తిరిగే పుస్తకం కాదది. వెంటనే తెప్పించు.

చలి మొదలైంది. ఉన్ని బనీను వేసుకుంటున్నావని ఆశిస్తాను.

హెస్టర్ వెన్‌లాక్


లండన్
నవంబరు 9

ప్రియమైన నాన్నమ్మకి,

నీ మాటతో గొడవ తీరింది. తీరిందనే అనుకోవాలి.

నీ ఉత్తరం షెడ్డులో పైకి చదివాను. మొత్తం చదవాలనుకోలేదు, ట్రెవ్ లాక్కుని చదివేశాడు. 'లేనిదాన్ని కోస్తే ఎవరికి నష్టం' దగ్గర వాడు ఆగి ఆసీ వైపు చూశాడు. ఆసీ ముందు నవ్వాడు. తర్వాత ఉత్తరం అడిగి తీసుకుని, నిదానంగా చదివి, మడతల వెంటే మడిచి ఇచ్చాడు.

"మీ నాన్నమ్మ కాగితం సరిగ్గానే చదివింది. కాగితం మీద నేను లేను" అన్నాడు.

పెట్టెలో సాక్సఫోన్ పెట్టుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, రెక్స్‌కి గుడ్‌నైట్ చెప్పాడు, వెళ్ళిపోయాడు. తర్వాత మూడు సాధనలు జరిగాయి, ఆయన రాలేదు.

ఎవరో ఒకరు ఏదో ఒకటి కోయాల్సిందే కదా. ఆయన వాటా పోయిందని ఇంత పంతమా? నీకు సాక్సఫోన్ నచ్చదని నాకు ముందే తెలుసు, అయినా అడిగింది నేనే, అన్నట్టుగానే చేశాను. ఇప్పుడు పాట సరిగ్గా ఇరవై రెండు నిమిషాలుంది. కంపెనీవాళ్ళు సంతోషించారు. సామాన్లు బండికెక్కించాక మిగిలిన ఇల్లులా ఉందంటాడు ట్రెవ్. రెక్స్ ఈ వారం వాక్యం కూడా మాట్లాడలేదు.

క్రిస్పిన్


స్టెల్లింగ్‌ఫర్డ్
నవంబరు 13

క్రిస్పిన్,

ఆ ఖాళీ గడులు ఒక మనిషా?

మనిషైతే ఆ మాట నాకెందుకు రాయలేదు? నాకు సాక్సఫోన్ నచ్చదని నీకెవరు చెప్పారు? నేను విన్నది మొత్తం కలిపి రెండు శ్వాసలు, ఆ తర్వాత వార్తలు. వినకుండా నేనెవరినీ బయటికి పంపలేదు. చర్చి బృందంలో గొంతు పగిలిన కుర్రాళ్ళని కూడా నిలబెట్టి, పాడించి, విని, అప్పుడు చెప్పాను. నా చేత ఒక మనిషిని పంపించేశావు, అదీ పోస్టులో.

ఆ అరవై నాలుగు గడుల్లో అతను ఏం వాయించేవాడో తిరుగుటపాలో రాయి.

హెచ్. వెన్‌లాక్


లండన్
నవంబరు 18

నాన్నమ్మకి,

ఏం వాయించేవాడో రాయమంటే నేను రాయలేను. ఎప్పుడూ ఒకటి వాయించడు, అది జాజ్ పద్ధతి. మేం అక్షరాలు రాస్తాం, కింద తాళం పట్టి నిలుస్తాం, ఆయన అప్పటికప్పుడు కడతాడు. రేడియోలో మాకిచ్చింది ఆరు నిమిషాలే కాబట్టి అక్కడిదాకా వెళ్ళలేదు. ఈ సంగతి నీకు తెలుసనుకున్నాను. తెలియదని అనిపించలేదు, ఎందుకంటే నీకు తెలియని విషయం నేనెప్పుడూ చూడలేదు.

నువ్వు కోయమన్నావు, కోశాను. ఇప్పుడు తిడుతున్నావు.

స్వరలిపి చదివి వాయించే సాక్సఫోన్ మనిషి ఒకడు దొరికాడు. చివరి రెండు పేజీలకి సరిపోతాడు. చక్కగా చదువుతాడు. అతను వాయిస్తుంటే ట్రెవ్ గడియారం చూసుకుంటాడు.

ఆసీ ఇల్లు బ్రిక్స్‌టన్‌లో. వెళ్దామని రెండుసార్లు బయల్దేరి వీధి మలుపు దాకా వెళ్ళాను.

క్రిస్పిన్


స్టెల్లింగ్‌ఫర్డ్
నవంబరు 24, సోమవారం

క్రిస్పిన్‌కి,

నిన్న క్రిస్మస్ పుడ్డింగు కలిపాను. ప్రతి ఏడూ నువ్వు గరిటె తిప్పి ఏదో కోరుకునేవాడివి. ఈసారి నీ వంతు కూడా నేనే తిప్పాను, ఏం కోరుకున్నానో చెప్పకూడదు.

అసలు సంగతి శనివారానిది. మధ్యాహ్నం వాన కురుస్తుండగా తలుపు తట్టారు. చూస్తే కండక్టరు కోటులో పొడవాటి మనిషి. ఒక చేతిలో వాద్యం పెట్టె, ఇంకో చేతిలో నూనెగుడ్డలో చుట్టిన పొట్లం.

"మిసెస్ వెన్‌లాక్ గారేనా? నా పేరు ఆస్వాల్డ్ ఇయర్‌వుడ్. మీ పుస్తకం తెచ్చానండి."

"పోస్టులో పంపాల్సింది. ఇంత వానలో!"

"బస్సు ఎక్కకూడదన్న పుస్తకాన్ని పోస్టు సంచీలో పడేస్తానా మేడమ్?"

బస్సుల మాట రాసింది నేనే కదా. లోపలికి రమ్మన్నాను. పుస్తకం పొడిగా ఉంది, ఆయన మాత్రం బూట్ల దాకా తడిశాడు. వాళ్ళావిడ వెర్నా పంపిన కొబ్బరి రొట్టె ఇచ్చాడు. నేను గింజల కేకు కోసిపెట్టాను. "మా మిస్ హింక్సన్ కేకు ఇలాగే ఉండేది" అన్నాడు. ఎవరని అడిగితే, చిన్నప్పుడు సెయింట్ ఫిలిప్ గుడిలో ఆయన పాడిన బృందానికి టీచరట. తప్పు పాడితే స్కేలుతో కణుపుల మీద కొట్టేదట.

"నేనూ కొట్టేదాన్ని" అన్నాను.

"క్రిస్పిన్ వేళ్ళు చూస్తే తెలుస్తుందండి. భయంతో బాగా పరుగెత్తుతాయి."

పుస్తకం తేవడానికి వాద్యం ఎందుకు మోసుకొచ్చారంటే, ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారని, దాన్ని ఒంటరిగా వదిలితే అందులో బఠాణీలు పోస్తారని చెప్పాడు. నీ మీద ఫిర్యాదు ఒక్కటీ చేయలేదు. నేనే ఉండబట్టలేక, "మీ అరవై నాలుగు గడులు నాకు వినిపిస్తారా?" అని అడిగాను.

"దేని మీద వాయించమంటారు మేడమ్? కింద ఎవరైనా ఉండాలి కదా."

"నేనుంటాను" అన్నాను.

గుడికి వెళ్ళాం. నీ స్వరలిపి స్టాండు మీద తొమ్మిదో పేజీ దగ్గర తెరిచి పెట్టాను. ఆ అక్షరాలు నాకు అలవాటు లేవు, అందుకని వేళ్ళతో తడుముతూ మొదటి వరస మెల్లగా పట్టాను. ఏ, తర్వాత డీ, తర్వాత జీ పక్కన చిన్న ఏడు. ఆ ఏడు చూసేసరికి నా ఎడమ చెయ్యి నాకంటే ముందు గుర్తుపట్టింది. క్రిస్పిన్, ఇది మన ఆకుపచ్చ పుస్తకమే. పాతవాళ్ళు మంద్రస్వరం ఒక్కటే రాసి, కింద అంకె వేసి వదిలేసేవాళ్ళు. మిగతాదంతా వాయించేవాడు అప్పటికప్పుడు కట్టుకోవాలి. వాళ్ళ పేజీలు కూడా సగం తెల్లగానే ఉంటాయి. నలభై ఏళ్ళు ఆ తెల్ల పేజీల మీదే వాయించాను, అవి ఖాళీ అని ఒక్కరోజూ అనుకోలేదు. నీ పేజీలో అంకెల బదులు అక్షరాలుంటే మాత్రం ఖాళీ అన్నాను.

ఆ తర్వాత ఆయన అందుకున్నాడు.

నువ్వు రాయలేనిది నేను రాయగలనని కాదు, కాని విన్నది చెప్పాలి. మొదట ఒక్క స్వరం, అంత మెత్తగా ఎక్కడ మొదలైందో తెలియలేదు. తర్వాత నాకు బాగా తెలిసిన మనిషి ఎదురుగా వస్తున్నట్టనిపించింది, ఎవరో పోల్చుకోలేకపోయాను. రెండో వరసలో తెలిసింది. అది నీ ఫ్యూగ్ రాగమే, తలకిందులుగా. నువ్వు ఎక్కిన చోట ఆయన దిగుతున్నాడు, దిగిన చోట ఎక్కుతున్నాడు. ఆ ఐదు దెబ్బల కుంటినడక కింద ఇంత దుఃఖం ఉందని నువ్వు రాసినప్పుడు నీకు తెలుసా? నాకు తెలియలేదు, మూడు రోజులు చదివాను కూడా. నువ్వు రాగం కట్టావు, దాని అర్థం మాత్రం ఆయన దగ్గర ఉంది. ఒకచోట ఆయన ఆగాడు, నేను కూడా చేతులు ఎత్తేశాను. గుడి కప్పు మీద వాన ఒక్కటే వినిపించింది. ఆయన ఆ వాన మీద మళ్ళీ మొదలుపెట్టాడు.

అయిపోయాక, "ఇంతకంటే బాగా వాయించేవాళ్ళు ఉన్నారా?" అని అడిగాను.

"లండన్‌లో ఇద్దరున్నారు మేడమ్. అందులో ఒకడికి పళ్ళూడిపోయాయి."

"మా క్రిస్పిన్ మీ కింద ఎలా వాయిస్తాడు?"

కాసేపు టోపీ చేతుల్లో తిప్పాడు. "మంచి కుర్రాడు. అంత చిన్న వయసులో పాత సంగీతాన్నీ మాదాన్నీ ఒక పొయ్యి మీద పెట్టిన ధైర్యం నేను వేరెవరిలోనూ చూడలేదు. కాని చోటు వదలడు. నలుగురు కూర్చునే సీట్లో ఆరుగురిని ఇరికిస్తాడు. నా బస్సులో అయితే ఇద్దరిని దింపేసేవాణ్ణి. మీరు వదిలారు చూశారా, ఆ వాన దగ్గర, అది వాడికి నేర్పండి."

"మళ్ళీ వెళ్తారా వాళ్ళ దగ్గరికి?"

"పిలవని పేరంటానికి పోయే అలవాటు మాకు లేదు మేడమ్."

స్టేషను దాకా గొడుగు పట్టుకుని నేనే దిగబెట్టాను. మిసెస్ ట్యాప్సెల్ కిటికీ తెరలోంచి అంతా చూసింది, ఊరంతా తెలిసుంటుంది.

నువ్వు బ్రిక్స్‌టన్ వెళ్ళు. వీధి మలుపు దాకా కాదు. ట్రెవ్‌ని పంపకు, ఉత్తరం రాయకు. మన ఇద్దరి ఉత్తరాలు ఈ నెలలో చేసిన మేలు చాలు.

నీ నాన్నమ్మ


లండన్
నవంబరు 30

ప్రియమైన నాన్నమ్మకి,

వెళ్ళాను. ఇంట్లో వెర్నా ఉంది, "డ్యూటీలో ఉన్నాడు, ఆయనతో మాట్లాడాలంటే బస్సెక్కు" అంది. ఎక్కాను. ఆయన టిక్కెట్ల మిషను వేసుకుని దగ్గరికి వచ్చాడు.

"ఎక్కడికి?"

"ఆసీ, నీతో మాట్లాడాలి."

"ఆ స్టాపు మా రూట్లో లేదు. టిక్కెట్టు తీసుకో."

చివరి స్టాపుకి తీసుకున్నాను. పక్క సీట్లో క్యాబేజీల సంచీతో ఒక పెద్దావిడ ఉంది. "ఏమయ్యా, ఏం చేశాడీ కుర్రాడు?" అని ఆయన్నడిగింది.

"నన్ను కోసి పారేశాడమ్మా. అరవై నాలుగు ముక్కలు."

"అయ్యో దేవుడా! చూస్తే బుద్ధిమంతుడిలా ఉన్నాడే!"

"వాళ్ళ నాన్నమ్మ చెప్పిందట."

"నాన్నమ్మలు వంద చెప్తారు. చూడు బాబూ, ఆయనకి క్షమాపణ చెప్పు. వచ్చే స్టాపులో నేను దిగాలి, విని దిగుతాను."

చెప్పాను. ఆయన బస్సు కడ్డీ పట్టుకుని, "గట్టిగా చెప్పు, పై అంతస్తువాళ్ళకి వినపడలేదు" అన్నాడు. గట్టిగా చెప్పాను. పైనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ పెద్దావిడ తన స్టాపు దాటిపోయిందని గోల పెట్టింది, ఆసీ బస్సాపించి ఆవిడ సంచీ దింపిపెట్టాడు.

చివరి స్టాపులో, బస్సు ఖాళీ అయ్యాక, నా పక్కన కూర్చున్నాడు. నేను గొడవంతా చెప్పుకొచ్చాను. ఆయన ఒక్కటే అన్నాడు. "మీ నాన్నమ్మ నా కింద ఎలా వాయించిందో నువ్వలా వాయించగలిగితే వస్తాను. లేకపోతే నాకు క్లబ్బులున్నాయి, నీకు కాగితం ఉంది."

నాన్నమ్మా, నాకు రాదు. నేను చోటు వదిలితే అందులో ఏం లేదని జనం అనుకుంటారేమోనని భయం.

ఇంకా రెండు చిక్కులున్నాయి. ఆయన వాటా తిరిగి పెడితే మళ్ళీ ఇరవై ఏడు నిమిషాలు. మిగిలిందంతా ఫ్యూగ్, నువ్వు బాగుందన్నదే, ఎక్కడ కత్తి పెట్టను? రెండోది, రికార్డు కంపెనీవాళ్ళు ఆసీ వాయించబోయేది ముందే స్వరలిపిలో రాసివ్వమంటున్నారు. కాగితం మీద లేనిదానికి కర్త ఉండడట, అందుకని రికార్డు కవరు మీద సంగీతం అన్నచోట నా పేరొక్కటే వేస్తామంటున్నారు. ఆసీకి ఈ మాట ఇంకా చెప్పలేదు. ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఆయన ఈసారి వెళ్ళిపోతే మళ్ళీ బస్సెక్కనివ్వడు.

క్రిస్పిన్


స్టెల్లింగ్‌ఫర్డ్
డిసెంబరు 3, బుధవారం

నా క్రిస్పిన్‌కి,

బస్సులో గట్టిగా చెప్పావన్న మాట చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. మీ తాతగారు బతికున్నన్నాళ్ళూ ఆ పని చేయలేకపోయారు.

నువ్వు మళ్ళీ అడక్కుండా ఒక మాట ఇప్పుడే చెప్తాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఇంత మంచి ఫ్యూగ్ ఎవరూ రాయలేదు. మీరు చేస్తున్న పని జనానికి కొత్తగా ఉంటుంది, పిల్లులు బీరువాలెక్కుతాయి. కాని రాసింది నిలబెట్టుకోవడం, రాయనిది అక్కడికక్కడ కట్టడం, ఈ రెండూ ఒకే మనిషి చేసే రోజులుండేవి. బాక్ లాంటివాళ్ళు రెండూ చేశారు. తర్వాత వచ్చిన మేం అచ్చుకాగితాన్ని నమ్ముకున్నాం. మాంసం కొట్టువాళ్ళ అబ్బాయి, మాట్లాడని అబ్బాయి, బార్బడోస్ మనిషి, నువ్వు కలిసి, చిన్న కుర్చీల షెడ్డులో మళ్ళీ ఆ పని మొదలుపెట్టారు. నేను నా వయసులో దాన్ని వినగలిగాను. ఇంతకంటే పొగడ్త నా దగ్గర లేదు.

చోటు వదిలితే అందులో ఏమీ లేదనుకుంటారని రాశావు. అలా అనుకున్న మనిషిని నేనే, కాబట్టి నాకు తెలుసు. అనుకోనివ్వు. విన్నాక మానుకుంటారు.

ఇక జరగవలసినవి:

1. ఆరో తేదీ శనివారం పొద్దున్న రైలుకి నువ్వు ఇక్కడికి రావాలి. ఆస్వాల్డ్ గారికి సెలవు దొరికితే ఆయన్నీ తీసుకురా. వికారుగారికి చెప్పాను, చలికి గుడిలో పొయ్యి వెలిగిస్తారు. మధ్యాహ్నం ఉడికించిన హామ్, అందరికీ సరిపడా.

2. ట్రెవ్, రెక్స్ రావచ్చు. డ్రమ్ములు రాకూడదు. ట్రెవ్ చేతులతో బెంచీ మీద తాళం వేయవచ్చు, నెమ్మదిగా.

3. అరవై నాలుగు గడుల్లో నీ ఎడమ చెయ్యి మాత్రమే పనిచేస్తుంది. కుడి చెయ్యి తొడ మీద ఉంటుంది. ఎప్పుడు ఎత్తాలో ఆయన వాద్యం అడుగుతుంది. అడిగినప్పుడు రెండు స్వరాలు ఇవ్వు, మూడు కాదు. ఇది ఆరో తేదీ సాయంత్రం దాకా సాధన చేస్తాం.

4. కోయవలసినవి నేను ఎర్ర పెన్సిలుతో కొట్టేశాను, స్వరలిపి ఈ కవరులోనే ఉంది. ఫ్యూగ్ మూడోసారి తిరిగి రావడం మొత్తం, పాదాలతో వాయించే ఆ పొడుగాటి పరుగు మొత్తం. ఆ పరుగు నీకు నేర్పడానికి మనిద్దరికీ రెండు చలికాలాలు పట్టింది. అయినా కొట్టేశాను, నువ్వు రబ్బరు వాడకు.

5. ఆయన వాయించబోయేది రాయకూడదు. కంపెనీవాళ్ళకిచ్చే ప్రతిలో ఆ ఆరు పేజీలు అలాగే ఉంచి, పేజీకి ఈ చివర నుంచి ఆ చివరకి పెద్ద అక్షరాలతో ఆస్వాల్డ్ ఇయర్‌వుడ్ అని రాయి. కాగితం మీద ఉన్నదానికే కర్త ఉంటాడంటే, ఇప్పుడు ఆయన కాగితం మీద ఉన్నాడు.

6. రికార్డు కవరు మీద రెండు పేర్లు, ఒకే సైజు, వయసు ప్రకారం. ఇయర్‌వుడ్ ముందు, వెన్‌లాక్ వెనక. ఒప్పుకోకపోతే రికార్డు చేయొద్దు. ఈ మాట ఆస్వాల్డ్ గారికి కంపెనీవాళ్ళు కాదు, నువ్వు చెప్పాలి, రేపే.

7. తొమ్మిదో తేదీన అరవై నాలుగో గడి అయిపోయిందని నువ్వు మొదలుపెట్టకు. ఆయన ముగించేదాకా ఆగు. ఎంతసేపు పడుతుందో ఆయనకే తెలియదు, అందుకని నీ వాటాలో ఇంకొక నిమిషం ఎక్కువ కోశాను.

నీ నాన్నమ్మ,
హెస్టర్